ఆరోగ్య బోధ: దినమునకొక మిల్లీమీటరు



కొందఱు శిశువులు మిక్కిలి చిన్న క్రింది దవడతో జన్మింతురు. వారి నాలుక వెనుకకు జాఱి ఊపిరిని అడ్డగించును. మఱికొందఱికి పుఱ్ఱె యెముకల అతుకులు కాలమునకు ముందే కలిసిపోవుటచే మెదడు పెరుగుటకు చోటు చాలదు. ఇది గ్రహణ దోషము కాదు. తల్లి చేసిన తప్పును కాదు.

ఎముకను పొడిగించుట సాధ్యమా? సాధ్యమే. సైబీరియాలోని కుర్గాను పట్టణమున ఇలిజారోవ్ అను వైద్యుడు 1950ల నుండి కాళ్ల యెముకలను పొడిగించెను. న్యూయార్కులో మెకార్థీ వైద్యుడును ఆయన సహచరులును పిల్లల దవడలను అట్లే పొడిగించి, 1992లో ఆ సంగతి ప్రకటించిరి.

వైద్యుడు ఎముకను కోసి, రెండు తునుకలను మరగల చిన్న సాధనమునకు బిగించును. కొన్ని దినములు ఆగి, పిమ్మట దినమునకు సుమారు 1 మిల్లీమీటరు జరుగునట్లు మరను త్రిప్పుదురు. మిక్కిలి త్వరపడినచో సందు పూడదు. ఆలస్యమైనచో ముందే గట్టిపడును. తగినట్లు జరిపిన సందులో క్రొత్త యెముక పుట్టును. అది గట్టిపడువఱకు, వారముల కొలది, సాధనమును తీయరు.

లోపల ఎముక పుట్టినదో లేదో ఎక్స్‌రే చూపును. 1895లో రాంట్‌జెన్ ఆ కిరణములను కనుగొనుటకు వాడిన విద్యుత్ తీగచుట్ట వంటిదానిని, ఐర్లాండులోని మెయ్‌నూత్ కళాశాలలో గురువైన నికొలస్ కాలన్ 1836లోనే నిర్మించెను.

మరను త్రిప్పు పని పలుమాఱు ఇంటివద్ద తలిదండ్రులదే. ఒక పూటయు మఱువరాదు. చెప్పినదానికంటె ఎక్కువ త్రిప్పరాదు. చీముగాని జ్వరముగాని కనిపించిన వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఈ చికిత్స అందఱికి అవసరము కాదు; అది వైద్యుడే నిర్ణయించును. కావున శిశువు ఊపిరికి కష్టపడుచున్నను, తల ఆకారము వికారముగా నున్నను, ఇంట దాచక త్వరగా చూపింపుడు.