నాయనమ్మ దుద్దులు

ఫొటోగ్రఫీ పాఠం చెప్పడానికి నెలకోసారి ఓ కాలేజీకి వెళ్తుంటాను. మొన్నామధ్య రాజా దీన్‌దయాళ్ గురించి చెబుతున్నా. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్, సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన మనిషి, 1905లో పోయారు. ఇవన్నీ పిల్లలకి తెలుసు. ఆయన తీసిన ఫొటోలు ఫోన్లలో చూశారు కూడా. "ఆ ఫొటో అసలు సైజు ఎంత?" అని అడిగితే మాత్రం ఎవరూ నోరు విప్పలేదు.

వాళ్ల తప్పు కాదు. ఫోన్లో దర్బారు ఫొటో అయినా, పాస్‌పోర్ట్ ఫొటో అయినా అరచేతంతే. ఆ రోజుల్లో కాగితానికి ఉప్పు కలిపిన కోడిగుడ్డు తెల్లసొన పూసి, సిల్వర్ నైట్రేట్‌లో తడిపి, ఆరాక గాజు నెగెటివ్ కింద పెట్టి ఎండలో ఉంచేవారు. గాజు పలక ఎంతుంటే ప్రింటూ అంతే. పెద్ద ఫొటో కావాలంటే పెద్ద కెమెరా, పెద్ద గాజు మోయాల్సిందే. ఆ కష్టం స్క్రీన్ మీద కనపడదు.

అందుకని తర్వాతి క్లాసుకి అసలు ప్రింట్లే చేతికిద్దామనుకున్నా. దీన్‌దయాళ్ ప్రింట్లు మనింట్లో ఎక్కడుంటాయి? మావన్నీ ఊళ్లో స్టూడియోలో తీయించుకున్న బ్రోమైడ్ ఫొటోలు. అవే అట్టపెట్టెలో సర్దుతుంటే అక్క ఒప్పుకోలేదు. "నాయనమ్మది ఉన్నదే ఒక్క ఫొటోరా. పిల్లల చేతికిస్తావా? స్కాన్ చేశాం కదా, అది చూపించు" అంది.

ఆ ఫొటోకి మా ఇంట్లో ఓ కథ ఉంది. అందులో నాయనమ్మ చెవులకి పెద్ద రాళ్ల దుద్దులుంటాయి. ఆవిడ పోయాక అవి కనపడలేదు. చివరి రోజుల్లో దగ్గరుండి చూసుకున్నది పిన్ని. పైకి ఎవరూ ఏమీ అనలేదు. కానీ అక్క పిన్ని గడప తొక్కి ఇరవై ఏళ్లయింది.

అయినా తీసుకెళ్లా. చేతులు కడిగి పొడిగా తుడుచుకోవాలి, రెండు చేతులతో అంచులే పట్టుకోవాలి, బొమ్మ మీద వేలు పెట్టకూడదు, రాసుకోవడానికి పెన్సిలే తప్ప పెన్ను వద్దు. ఈ నాలుగు మాటలు చెప్పి పెట్టె తెరిచా. ఓ అమ్మాయి నాయనమ్మ ఫొటోని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, ఏటవాలుగా పట్టుకుని చూసింది.

"సార్, ఈ దుద్దులు బ్రష్‌తో వేసినవి" అంది.

నేనూ చూశా. కాగితమంతా ఒకే మెరుపు. చెవుల దగ్గర మాత్రం మెరుపు లేదు, రంగు కాస్త ఉబ్బెత్తుగా ఉంది. ఓచోట పెచ్చు లేచి, కింద బోసి తమ్మె కనిపిస్తోంది. అప్పట్లో స్టూడియో ఆర్టిస్టులు లేని నగలు వేసిపెట్టడం మామూలే. స్కాన్‌ని ఎన్నిసార్లు పెద్దది చేసి చూసుకున్నామో, ఎప్పుడూ తెలియలేదు.

ఫోన్లో చెబితే అక్క నమ్మలేదు. ఆదివారం వచ్చి, కిటికీ దగ్గర తనే పట్టుకుని చూసింది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "పిన్ని నంబరు నీ దగ్గరుందా?" అంది.

అపురూపమైన ప్రింట్లు భద్రంగానే ఉండాలి, కాదనను. కానీ ఫొటోగ్రఫీ నేర్పే ప్రతి కాలేజీలోనూ పిల్లలు పట్టుకుని, తిప్పి చూడ్డానికి పెట్టెడు ప్రింట్లు ఉండాలి. మీ ఊళ్లో పాత స్టూడియో మూసేస్తుంటే, ఎవరూ తీసుకెళ్లని ఫొటోలు చెత్తలోకి పోకముందే అడిగి తెచ్చి దగ్గర్లోని కాలేజీకి ఇవ్వండి.

మా పెట్టె ఇప్పుడు కాలేజీలోనే ఉంది, నాయనమ్మ ఫొటో తప్ప. పిన్ని చూస్తానంటే అక్క పట్టుకెళ్లింది.