టమాటా పండుటకు ఎండ కాదు, నీడ కావలెను

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములలో నాలుగు టమాటా మొక్కలు లేని పెరడు అరుదు. పూర్వులు రామములగ యని పిలిచిన యీ కాయ దక్షిణ అమెరికా కొండసీమలలో పుట్టి, మెక్సికో దేశమున సాగునకు వచ్చి, ఐరోపావారి ఓడలపై మన దేశమునకు చేరినది. దూరదేశమునుండి వచ్చినదే యైనను నేడు పప్పులోను, పులుసులోను, పచ్చడిలోను అది లేనిదే మన యింట పూట గడవదు. ఇంతగా మనదైన పంటను గూర్చి మనలో నొక తప్పు తలంపు పాతుకొనియున్నది. ఎండ తగిలినకొలది టమాటా ఎఱ్ఱగా పండునని మనము నమ్ముచున్నాము. ఈ నమ్మకమువలన ఏటేట కలుగుచున్న నష్టము స్వల్పము కాదు. కావున దీనిని గూర్చి నా యభిప్రాయమును సభ్యుల యెదుట విన్నవించుచున్నాను.

మాఘమాసమున నాటిన మొక్క చైత్ర వైశాఖములలో కాపునకు వచ్చును. అప్పుడు ప్రతి గ్రామమునను వినవచ్చు ప్రశ్న యొక్కటే. కాయ నిండుగా పెరిగినది, ముదిరినది. ఎఱుపు మాత్రము రాదేమి? వచ్చినను పసుపు, నారింజ వన్నెలయందే నిలిచిపోవునేమి? తొడిమచుట్టు గట్టిగా, పచ్చగా నుండునేమి? నీరు చాలలేదని కొందఱందురు. విత్తనము మంచిది కాదని కొందఱందురు. మఱికొందఱు కాయలకు ఎండ బాగుగా సోకుటకై ఆకులను త్రుంచివేయుదురు. ఈ కడపటి పని మిక్కిలి కీడు చేయును.

టమాటాకు ఎఱుపు నిచ్చు పదార్థమును శాస్త్రజ్ఞులు లైకోపీను అందురు. ఇది చక్కగా ఏర్పడుటకు 20 మొదలు 25 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు గల వేడిమి అనుకూలము. 30 డిగ్రీలు దాటినచో దాని యుత్పత్తి మందగించును. వేడిమి ఇంకను హెచ్చినచో నిలిచిపోవును. పసుపువన్నె నిచ్చు కెరోటీను మాత్రము అట్టి వేడిమిలోను ఏర్పడుచునే యుండును. వేసవి కాయ పసుపు వన్నెలో చిక్కుకొనుటకు ఇదియే ముఖ్యకారణము. మన సీమలో ఏప్రిలు, మే నెలలయందు పగటి వేడిమి 40 డిగ్రీలు దాటుట వింత కాదు. నేరుగా ఎండ సోకిన కాయ చుట్టునున్న గాలికన్నను హెచ్చుగా కాగును. రోహిణి యెండకు రోళ్లు పగులునని పెద్దలు చెప్పుదురు. రోళ్లు పగులు ఎండలో పలుచని తొక్క గల టమాటా యేమి కావలెను? ఆకు చాటు లేని కాయపై తెల్లని మచ్చపడి, ఆ భాగము ఉడికినట్లై, పిదప కుళ్లిపోవును. కావున ఆకు కాయకు అడ్డము కాదు, గొడుగు.

ఇక పండుట యననేమి? అది బయటి వెలుతురుతో జరుగు పని కాదు. కాయ లోపల జరుగు పని. ముదిరిన కాయ తనంతట తానే ఇథిలీను అను వాయువును పుట్టించి, దానివలననే పండును. 1901లో నెల్యుబోవ్ అను రష్యా శాస్త్రజ్ఞుడు దీపములకు వాడు వాయువులోని ఇథిలీను మొక్కల పెరుగుదలను మార్చుచున్నదని కనుగొనెను. 1934లో ఇంగ్లాండునందు గేన్ అనునతడు పండ్లు స్వయముగా ఆ వాయువును వెలువరించునని నిరూపించెను. ఈ పేరు తెలియకున్నను ఈ పని మన యిండ్లలో తరతరములుగా జరుగుచునే యున్నది. ముదిరిన మామిడికాయలను వరిగడ్డిలో మాగవేయుట ఇదియే గదా! గడ్డిలోనికి ఎండ పోదు. అయినను కాయ పండును. మామిడికి తెలిసిన యీ నీతిని టమాటాకు మాత్రము మనమేల మఱచితిమి?

అయితే లేతకాయను కోసినచో ఎంత మాగవేసినను అది వాడిపోవునేగాని పండదు. ముదిరినదో లేదో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష యొకటి కలదు. ఒక పచ్చికాయను పదునైన కత్తితో అడ్డముగా కోయవలెను. గింజలు గుజ్జులో జారి కత్తికి తప్పించుకొన్నచో కాయ ముదిరినది. గింజలు కత్తికి తెగినచో ఇంకను లేతది. ఇంతకన్న నిశ్చయమైన గుర్తు రంగు తిరుగుట. పూవు రాలిన కొనయందు నాణెమంత మేర లేత పసుపో గులాబియో కనబడిన కాయ తన పని తాను మొదలుపెట్టినదని యర్థము. ఫాల్గుణము మొదలు వానలు కుదురుకొనువఱకు ఈ దశయందే కాయను కోయవలెనని నా మనవి.

కోత తెల్లవారుజామున, కాయ చల్లగా నున్నపుడే జరుగవలెను. తొడిమ తీసివేసినచో ఒక కాయ మఱియొకదానిని పొడువదు. దెబ్బతిన్నవానిని, పగిలినవానిని, పురుగు తొలిచినవానిని వేఱుచేయవలెను. మిగిలినవానిని ఇంటిలో నెల్ల చల్లనైన తావున, నేలపై గడ్డి గాని గోనె గాని పఱచి, ఒక్క వరుసగా పేర్చవలెను. పెంకుటింటిలో నీళ్ల కుండలుంచు మూల ఇందుకు తగును. రేకుల కప్పు క్రింది గది తగదు. గాలి ఆడవలెను, ఎండ రాకూడదు. త్వరగా కావలసినచో గంపలో రెండు మూడు పండిన అరటిపండ్లను కలిపి మూతవేసిన చాలును; వానినుండి వచ్చు ఇథిలీను తక్కినవానిని పండించును. ప్రతిదినము చూచి పండినవానిని తీసికొని, కుళ్లినవానిని పాఱవేయవలెను. చల్లనిచోట రంగు తిరిగిన కాయ ఇంచుమించు వారము లోపలనే ఎఱ్ఱబడును.

చెట్టున పండినదానికే రుచి యని కొందఱు ఆక్షేపింతురు. ఈ మాటలో నిజము లేకపోలేదు. చలికాలమున, ఎండ మృదువుగా నున్నపుడు, ఇంటి వాడుకకు కాయను చెట్టుననే పండనిచ్చుట మేలు. కాని వేసవిలో మన యెదుట నున్న ప్రశ్న చెట్టున పండిన పండా, ఇంట పండిన పండా యనునది కాదు. ఇంట పండిన పండా, చెట్టున నుడికిన కాయయా యనునదే. రంగు తిరిగిన కాయ చెట్టునుండి పొందవలసిన సారమును చాలవఱకు పొందియే యుండును. దానిని మఱి పదిదినములు ఎండకు, పక్షులకు, పురుగులకు అప్పగించుటవలన లాభమేమి? పైగా ముదురు కాయల బరువు తగ్గినచో చెట్టు తన బలమును లేతపిందెలకు మరల్చును.

చలికిని ఒక హద్దు కలదు. డిసెంబరు, జనవరి రాత్రులయందు మన పల్లెలలో చలి హెచ్చినపుడు పచ్చికాయ పండుట ఆలస్యమగును. అప్పుడు గంపలో గడ్డి వేసి ఇంటి లోపల వెచ్చనిచోట నుంచవలెను. పచ్చికాయను ఫ్రిజ్జులో పెట్టుట యేకాలమునను తగదు. అచ్చటి చలికి పండు శక్తియే చెడి, బయటికి తీసినను రంగు సరిగా రాదు. పండినదానిని సైతము అందు చాలదినము లుంచినచో సువాసన తగ్గును. ఇంగ్లాండు మొదలగు చలిదేశములవారు మంచు పడుటకు ముందే పచ్చికాయలను కోసి ఇంటిలో వెచ్చగా పండింతురు. వారికి శత్రువు చలి. మనకు శత్రువు వేడిమి. వారు వెచ్చదనమునకై చేయు పనిని మనము చల్లదనమునకై చేయవలెను.

ఇక నిక్కముగా భయపడవలసిన సంగతి మఱియొకటి కలదు. కాయ యెఱ్ఱబడకున్నచో కార్బైడు పొట్లమును వెదకువారు మనలో లేకపోలేదు. కార్బైడు తేమ తగిలి ఎసిటిలీను వాయువును విడుచును. అది ఇథిలీనువలె కొంత పనిచేసి తొక్కకు రంగు తెచ్చును. లోపల గుజ్జు, రుచి అట్లు పండవు. అందులో పాషాణము, భాస్వరము కలిసియుండుట మఱింత ప్రమాదము. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు ఈ వాయువుతో పండించిన పండ్ల అమ్మకమును నిషేధించినవి. ఇథిలీను వాయువును మాత్రము గాలిలో పదిలక్షల పాళ్లకు నూఱు పాళ్లు మించకుండ, తగిన గదులయందు వాడుటకు అనుమతి కలదు. ఎథిఫాను ద్రావణములో కోసిన కాయలను నేరుగా ముంచుట కూడదు. చట్టము మాట యటుండనిండు. మన పెరటి కాయను మొదట తినువారు మన పిల్లలు. పిమ్మట తినువారు మనలను నమ్మి డబ్బిచ్చినవారు. రెండు దినముల తొందరకై ఈ యిరువురికిని విషము పంచుట రైతుధర్మము కాదు.

పెరటి నాలుగు మొక్కలకు ఇంటి మూల చాలును. అర యెకరము, ఎకరము వేసినవారి మాట యేమి? ఇచ్చటనే సహకార సంఘము ముందునకు రావలెను. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థవారు 1980ల దశకమున విద్యుత్తు అక్కఱలేని చల్లని తొట్టి నొకదానిని రూపొందించిరి. రెండు ఇటుక గోడలను 7.5 సెంటీమీటర్ల యెడముతో, 70 సెంటీమీటర్లకు కొంచెము తక్కువ ఎత్తున కట్టి, నడుమ ఏటి యిసుకను నింపుదురు. ఇసుకను ఉదయ సాయంకాలములు తడుపుచు, పైన తడిపిన గడ్డిచాపను కప్పి, ఆ పైని నీడకు పందిరి వేయుదురు. కుండలో నీరు చల్లబడు రీతినే ఇందును చల్లదనము కలుగును. పొడి వేసవిలో లోపలి వేడిమి బయటికన్న 10 డిగ్రీలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు తగ్గును. ఒక తొట్టిలో ఇంచుమించు 100 కిలోల కాయలు పట్టును. ఇటుక, ఇసుక, వెదురు, గడ్డి మనకు దూరపు వస్తువులు కావు. వానకాలపు తేమ గాలిలో దీని ప్రయోజనము తగ్గునని మాత్రము ముందే తెలిసికొనవలెను.

ప్రతి గ్రామమునను సంఘము పక్షమున ఇట్టి తొట్లు రెండు మూడు కట్టించి, సభ్యులకు ప్లాస్టిక్ ట్రేలను అద్దె కిచ్చి, కాయలను రంగునుబట్టి వేఱుచేయించినచో మేలు. గంపలో పచ్చివి, పండినవి కలిపి పంపుటచేత మనమే మన ధరను తగ్గించుకొనుచున్నాము. పండినవి కామారెడ్డి అంగడికే పోవలెను. రంగు తిరిగినవి 110 కిలోమీటర్ల దూరమునగల హైదరాబాదునకు ప్రయాణము చేయవలెను. అవి దారిలో నలుగవు. ఎఱ్ఱగా పండినదానిని ఎంత ధరకైనను ఆనాడే అమ్ముకొనక తప్పదు. రంగు తిరిగినదానిని నాలుగు దినములు నిలుపుకొని అమ్మవచ్చును. దళారి యెదుట రైతునకు బలమిచ్చునవి ఈ నాలుగు దినములే.

2023 జూలైలో టమాటా కిలో నూఱు రూపాయలు దాటిన సంగతి యెవరును మఱువలేదు. ఇతర సమయములలో కోతకూలి గిట్టక రైతులు కాయలను రోడ్డుపై పాఱబోసిన సంగతియు మఱువలేదు. కాయలు పోటెత్తినపుడు తొట్లు ధరను నిలుపజాలవు. అట్లు చెప్పినచో అసత్యమగును. కాని కొఱత కాలపు ధర వచ్చుటకు ముందు మే, జూను నెలలలో చెట్టుననే ఉడికి పోవు కాయలు మన కండ్లయెదుట నున్నవి. వానిని దక్కించుకొనుట మన చేతిలోని పని.

అన్ని దోషములును వేడిమివలననే కలుగునని నేననను. నేలలో పొటాషు తక్కువైనచో కాయపై రంగు అతుకులతుకులుగా వచ్చును. నీరు ఒకనాడు మిక్కిలిగా, మఱియొకనాడు లేక పెట్టినచో కాయ పగులును. తెగుళ్లవలనను మచ్చలు కలుగును. భూమిని పరీక్ష చేయించి, వ్యవసాయాధికారుల సలహాతో వీనిని సరిచేసికొనవలెను. అవి సరియైన తోటలో సైతము వేసవి ఎండ తన పని తాను చేయును గావున నీడ మాట విడువరాదు.

మన దేశమున సహకార సంఘముల చట్టము 1904లో వచ్చినపుడు రైతును అప్పులనుండి కాపాడుటయే దాని ప్రధానోద్దేశము. 1946లో గుజరాతునందలి ఖేడా జిల్లా పాలరైతులు సంఘముగా ఏర్పడి, పూటలో విఱిగిపోవు పాలను సైతము కలసికట్టుగా అమ్మి ధర రాబట్టవచ్చునని చూపిరి. పాలకన్న టమాటా వారము దినములు ఓర్పుగలది. వారు పాలకు చేసినది మనము కాయకు చేయలేమా? 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా యేర్పడినది; ఎల్లారెడ్డి అందొక రెవిన్యూ డివిజనైనది. కార్యాలయములు మనకు దగ్గఱకు వచ్చినవి. సంఘములును రైతునకు అంత దగ్గఱ కావలెను.

కావున సోదర రైతులారా, రాబోవు వేసవికి ముందే మీ గ్రామ సంఘ సమావేశమున ఈ విషయమును ప్రస్తావింపుడు. ఒక్క తొట్టిని కట్టి, ఒక్క కాపునకు పరీక్షించి, లెక్క వ్రాసి చూడుడు. చెట్టున విడిచిన కాయ కెంత వచ్చినది, నీడను పండించిన కాయ కెంత వచ్చినది పోల్చి చూచినచో నా మాటతో పనిలేదు. ఆకులను త్రుంచకుడు. కార్బైడును గడప దాటనీయకుడు. కాయ తన కాలమున తానే పండును. దానికి మనమీయవలసినది నీడయు, నాలుగు దినముల ఓర్పును మాత్రమే.