ముంచే నీళ్లకూ కులముంది

వరదకు కులం లేదంటారు. పేపరోళ్లు రాస్తారు, నాయకులు పడవల మీద నిలబడి చెప్తారు, చదువుకున్నోళ్లు అవునని తలకాయ ఊపుతారు. నీళ్లొచ్చినయంటే పటేలు ఇల్లు, మాదిగోని గుడిసె ఒక్కటేనట! ఈ మాట నేను ఒప్పుకోను. తాగే నీళ్లకు వేల ఏండ్ల సంది కులం పెట్టిన దేశమిది. 1927లో మహాడ్ చెరువులో దోసెడు నీళ్లు తాగడానికి అంబేద్కర్ వేలమందిని వెంటబెట్టుకొని నడవాల్సి వచ్చిన దేశమిది. తాగే నీళ్లకున్న కులం ముంచే నీళ్లకు లేకుండ ఎట్ల పోతది?

వాడ ఎక్కడుందో చూడుండ్రి. ఊరు మిట్ట మీద ఉంటది, వాడ పల్లంల ఉంటది. చెరువు అలుగు పారే దిక్కు, వాగు మలుపు తిరిగే దిక్కు, ఊరి మురుగు పోయే దిక్కు వాడ. ఆ జాగ మేం ఏరుకున్నది కాదు. మిగిలిన జాగ అది. ఎవ్వరికీ పనికిరాదని వదిలేసిన జాగ. ఏటా వానకాలం రాంగనే "లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి" అని రేడియోల, టీవీల చెప్తారు. లోతట్టు ప్రాంతాల ప్రజలంటే ఎవలు? ఆ మాటను మా భాషలకు తిప్పితే మాలవాడ, మాదిగవాడ, వడ్డెరోళ్ల గుడిసెలు, తురకోళ్ల బస్తీ అని వస్తది. వరద దారితప్పి మా ఇంటికి రాలే. వరద పోయే దారిల మమ్ముల్ని పెట్టిన్రు.

మాది పటాన్‌చెరు అవతల నక్కవాగు పక్కన ఒక చిన్న ఊరు. ఇసుకవాగు వచ్చి నక్కవాగుల కలుస్తది, నక్కవాగు పోయి మంజీరల కలుస్తది. మా నాయిన చిన్నప్పుడు ఆ వాగుల చేపలు పట్టిండు, చెలిమె తోడుకొని నీళ్లు తాగిండు. ఊరి బాయి ముట్టనియ్యకపోయినా వాగు మమ్ముల్ని ఎన్నడూ పొమ్మనలే. 1970ల సంది కంపెనీలు మొదలైనయి. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం – మందుల కంపెనీలు, రసాయనాల కంపెనీలు వరసగా లేసినయి. నేను బడికి పోయేనాటికి వాగు చాయ్ రంగుకు తిరిగింది. చేపలు పోయినయి, చెలిమె పోయింది. మాకున్న ఒక్క అంటులేని నీళ్లకు కంపెనీలు అంటు పెట్టినయి.

2000 ఆగస్టు ఆఖర్ల వాన దంచికొట్టింది. 24 తారీఖున హైదరాబాదుల ఒక్కరోజే 24 సెంటీమీటర్లు పడ్డదని తర్వాత పేపర్ల చూసినం. ఆ రాత్రి వాగు వాడలకు వచ్చింది. పిల్లల్ని భుజాల మీదేసుకొని బడికాడికి పోయినం. బడికి రెండు రూములు. ఊరోళ్లయి నాలుగైదు ఇండ్లు తడిసినయి, వాళ్లకొక రూము. బియ్యం సంచులకొక రూము. వాడ మొత్తానికి వరండా. మూడోనాడు బియ్యం పంచిన్రు. పంచేటాయన గింజ చేతికి తగలకుండ మా అవ్వ కొంగుల పైనుంచి పోసిండు. సగం నేల మీద పడ్డయి. మా అవ్వ ఏరుకున్నది. దీన్ని సహాయక చర్య అంటరు.

బర్రె సంగతి చెప్పాలె. మాకు లోను మీద తెచ్చుకున్న బర్రె ఒకటుండె. వాగు దాన్ని గుంజతో సహా తీస్కపోయింది. పటేలువి రెండు బర్లు కొట్టంలనే గోడ కూలి సచ్చినయి. సచ్చిన గొడ్డును ఈడ్చేది మాదిగోడే గద. మా నాయినకు కబురొచ్చింది. పోయి ఈడ్సిండు. లెక్క రాసే సారు వచ్చిండు. పటేలు బర్లకు పంచనామా రాసి, చూసినోళ్ల నిశానీ కావాలంటే మా నాయిన బొటనవేలు పట్టి ముద్ర ఏయించిండు. అప్పుడు మా నాయిన చేతులు కట్టుకొని అడిగిండు.

"సారూ, మా బర్రె గూడ పోయింది."

"కళేబరం ఏదిరా?"

"వాగు తీస్కపోయింది సారూ."

"కళేబరం లేంది పంచనామా ఎట్ల రాయాలె?"

పటేలుకు పైసలొచ్చినయి. మా నాయిన లేని బర్రెకు మూడేండ్లు కిస్తులు కట్టిండు. ఊర్ల సచ్చిన ప్రతి గొడ్డునూ మోసిన మనిషికి తన గొడ్డు సచ్చిందని రుజువు చేసుకునే తొవ్వ లేదు. అతని వేలిముద్ర పటేలు నష్టానికి సాక్ష్యంగా చెల్లింది. అతని నోటిమాట సొంత నష్టానికి చెల్లలే. నా వాదమంతా ఈ ఒక్క వేలిముద్రల ఉన్నది.

ఇది ఆ సారు గుణం కాదు, ఆ పటేలు గుణం కాదు. సాయం లెక్కనే అట్ల కట్టిన్రు. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చింది. తమిళనాడు నాగపట్నం దిక్కు దళితులను సహాయ శిబిరాల్ల కలవనియ్యలేదని, తాగునీళ్ల ట్యాంకుకాడికి రానియ్యలేదని దేశమంతా పేపర్లల్ల వచ్చింది. శవాలు ఎత్తడానికి మాత్రం ఊరూరి సఫాయి కార్మికులను తెప్పించిన్రు. శవం ఎత్తడానికి పనికొచ్చిన చెయ్యి శిబిరంల చెంబు ముట్టడానికి పనికిరాలే. మరుసటేడు, 2005లో పార్లమెంటు విపత్తు నిర్వహణ చట్టం చేసింది. అందులో 61వ సెక్షన్ ఉంది. సాయం, నష్టపరిహారం ఇచ్చేటప్పుడు స్త్రీ పురుష భేదం, కులం, మతం, పుట్టుక చూడకూడదని రాసిన్రు. 12వ సెక్షన్ల నీడ, తిండి, తాగునీళ్లు, వైద్యం, పారిశుధ్యం కనీస ప్రమాణాలతో అందాలన్నరు. విధవలకు, అనాథలకు ప్రత్యేక ఏర్పాట్లు ఉండాలన్నరు. చట్టం మంచిదే. మరి ఏ కలెక్టరాఫీసు గోడ మీదనైనా 61వ సెక్షన్ రాసి పెట్టంగ చూసిన్రా? నేను చూడలే.

చట్టం కులం చూడొద్దన్నది. లెక్కలు మాత్రం కాయితం చూడమన్నయి. రాష్ట్ర విపత్తు నిధి నుంచి ఎంతెంత ఇయ్యాలో కేంద్ర హోంశాఖ నిబంధనలు పెడతది. 2022 నుంచి 2026 దాకా పెట్టిన నిబంధనలు చూడుండ్రి. మైదాన ప్రాంతంల ఇల్లు పూర్తిగా కూలితే 1,20,000 రూపాయలు. గుడిసె పోతే 8,000. గుడిసె అంటే గడ్డితోని, మట్టితోని, ప్లాస్టిక్ కవర్లతోని వేసుకున్నదట. పోయింది ఇల్లే, పన్నది ఒకే తీరు నిద్రనే. గోడ మారితే మనిషి ఖరీదు పదిహేనో వంతుకు పడిపోయింది. అంతేకాదు, కూలిన ఇల్లు అనుమతి ఉన్న కట్టడమని అధికారి ధృవీకరించాలె. వాగు ఒడ్డు పోరంబోకుల, చెరువు శిఖంల మూడు తరాలుగ ఉన్నోనికి అనుమతి ఏ అధికారి ఇచ్చిండు? అదే శిఖంల వెంచర్ వేసినోనికి మాత్రం నక్షా ఉంటది, ఇంటినంబరు ఉంటది. మా గుడిసె ఆక్రమణ, ఆయన బంగ్లా అభివృద్ధి!

పొలం సంగతీ అంతే. పంట మూడో వంతు మించి పోతే హెక్టారుకింత అని ఇస్తరు. పట్టా ఉన్నోని చేతికి పోతది. నాటేసినోళ్లు, కలుపు తీసినోళ్లు, ఆ పొలం కోతలనే నమ్ముకున్న కైకిలోళ్లు ఆ లెక్కల్ల ఎక్కడున్నరు? ఒండ్రు మేట మూడంగుళాలు మించితే తీసెయ్యడానికి పైసలుంటయి. మేట ఎంత మందమున్నదో స్కేలుతోని కొలుస్తరు. ఆ మేటల ఏమున్నదో మాత్రం కొలవరు.

మా దిక్కు అసలు ప్రశ్న అదే. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిం లార్సన్, ఆయన సహచరులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లను పరీక్ష చేసి లోకానికి చెప్పిన్రు. శుద్ధి చేసినమన్న నీళ్లల్ల సిప్రోఫ్లాక్ససిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నది. అప్పట్ల ఆ నీళ్లు పోయింది ఇసుకవాగులకు, నక్కవాగులకు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు-బొల్లారంను తీవ్రంగా కలుషితమైన ప్రాంతాల జాబితాల పెట్టింది. ఎండకాలం ఆ నీళ్లు వాగుల ఉంటయి. వరదల మా వంటింట్లకు వస్తయి, చాప మీదికి వస్తయి, చంటిపిల్ల నోట్లెకు వస్తయి. మబ్బు పట్టంగనే దొంగతనంగ విషం నీళ్లు ఇడుస్తరని మా దిక్కు ముసలోళ్లకు తెలుసు, పిల్లలకు తెలుసు. వరద తగ్గినంక తహశీల్ కాయితంల తడిసిన బియ్యం, కూలిన గోడ, సచ్చిన గొడ్డు ఉంటయి. చెడిపోయిన బాయి ఉండదు. పిల్లల ఒంటి మీద లేసిన దద్దులు ఉండవు.

ఈ విషం మీద కొట్లాట కొత్తది కాదు. 1990లోనే కేసు సుప్రీంకోర్టుకు పోయింది. పటాన్‌చెరు డాక్టర్ కిషన్‌రావు బతికినన్నాళ్లు నీళ్ల సీసాలు, రోగుల లెక్కలు పట్టుకొని ఆఫీసుల చుట్టూ, కోర్టుల చుట్టూ తిరిగిండు. ఆయనకు దండం. కోర్టు నష్టపరిహారం ఇయ్యమన్నది. ఎట్ల ఇచ్చిన్రు? ఎకరాల లెక్కన. ఎకరాలు ఎవలకున్నయి? ఆ నీళ్లల్ల మోకాళ్ల దాకా దిగి నాటేసిన మా అవ్వ కాళ్లకు ఎకరాలు లేవు. ఆ వాగుల బట్టలుతికిన చాకలోళ్లకు ఎకరాలు లేవు. విషానికి కులం లేదని ఎవరన్నా అంటే, పరిహారానికి ఉన్నదని చెప్పుండ్రి.

పల్లె సంగతి ఇది. పట్నం మెరుగనుకుంటరేమో, అదీ చూద్దాం. పటాన్‌చెరు జిల్లా సంగారెడ్డి. 2007లో హైదరాబాదు కార్పొరేషన్ల కలిపిన్రు. 2020 అక్టోబర్ 13, 14 తారీఖుల్ల హైదరాబాదు మునిగింది. సర్కారు ఇంటికి పదివేలన్నది. నోట్ల కట్టలు పట్టుకొని బస్తీలకు వచ్చిన్రు. మా అక్క చెరువు కింద బస్తీల కిరాయి ఇంట్ల ఉంటది. బావ కంపెనీల కాంట్రాక్టు కూలి. ఇంట్ల నడుముల దాకా నీళ్లు. లిస్టు రాసినోళ్లు ఇంటిఓనరు పేరు రాసిన్రు. ఆయన వేరే కాలనీల పొడిగున్న మూడంతస్తుల ఇంట్ల ఉంటడు. పక్కింటామెకు ఇచ్చిన్రు గాని, సంతకం పదివేలకు, చేతికి అయిదువేలు. ఇదేందని అడిగితే "అసలే రాకపోతే ఏం చేస్తువు?" అన్నడట మధ్యల ఉన్నోడు. తర్వాత మీసేవల దరఖాస్తు పెట్టమన్నరు. కూలి ఇడిసిపెట్టుకొని లైన్ల నిలబడ్డరు. నవంబర్ 18న ఎన్నికల సంఘం ఆపమన్నది. డిసెంబర్ 1న ఓట్లు. మా అక్క పేరు ఓటర్ల లిస్టుల ఉన్నది, వరద లిస్టుల లేదు. అదే వరుస రూముల్ల ఉండే ఒడిశా, బీహార్ కూలీల పేర్లు రెండింట్ల లేవు.

ఇది మన దేశం రోగమే అనుకోకుండ్రి. 2005లో అమెరికాల కత్రినా తుపాను న్యూఆర్లీన్స్‌ను ముంచింది. నల్లోళ్లు ఉండే పల్లపు పేటలు నిండా మునిగినయి. ఇండ్లు కట్టుకోవడానికి సాయమంటే, తుపానుకు ముందు ఇంటి ధర ఎంత, బాగుచేయడానికి ఖర్చెంత, రెండిట్ల తక్కువేదో అదే ఇస్తమన్నరు. నల్లోల్ల పేటల ఇంటి ధర తక్కువ. ఎందుకు తక్కువ? అది నల్లోల్ల పేట గనుక. వాళ్లు కోర్టుకు పోయిన్రు, 2011లో రాజీకి తెచ్చిన్రు. అక్కడ ధర చూసి కొట్టిన్రు, ఇక్కడ పట్టా చూసి కొట్టిన్రు. దెబ్బ ఒక్కటే.

కాబట్టి ఎంతిచ్చిన్రు అన్న కాడనే మన కొట్లాట ఆగొద్దు. పదివేలను పదిహేను వేలు చేయమంటే ఇంటిఓనరుకు పదిహేను వేలు పోతయి, మధ్యల ఉన్నోనికి ఏడున్నర పోతయి. ఎవలను లెక్కపెడుతున్నరు, ఎక్కడ కూసొని లెక్కపెడుతున్నరు, ఎవని మాట సాక్ష్యం అన్నదాని మీద కొట్లాడాలె. లిస్టు వాడల కూసొని రాయాలె, అందరి ముంగట చదవాలె, గోడకు అంటించాలె. ఇంట్ల ఎవలుంటరో వాళ్ల పేరు రాయాలె, ఇల్లు ఎవనిదన్నది వేరే ముచ్చట. గొడ్డు కొట్టుకపోతే పక్కింటోళ్ల సాక్ష్యం చాలాలె. కైకిలోళ్ల, కాంట్రాక్టు కూలీల పోయిన దినాలు లెక్కకు రావాలె. మా దిక్కు వరద తగ్గిన వారంల బాయిలు, బోర్లు, మేట మట్టి పరీక్ష చేయాలె. ఆ కాయితం వాడల అంటించాలె. చెడగొట్టినోడే ఖర్చు పెట్టుకోవాలని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. ఆ ఖర్చుల వాడకు రావలసింది వాడకు ఇయ్యాలె. మల్ల ఇండ్లు కట్టిస్తే మిట్ట మీద కట్టించాలె. ఊరికి ఇంకో దిక్కున్న పల్లంల కాదు.

దీన్ని సాయం అనొద్దు. సాయమంటే ఇచ్చేటోడు పైన, తీసుకునేటోడు కింద, నడుమ కొంగు. మమ్ముల్ని పల్లంల పెట్టింది ఊరు, వాగుల విషం కలిపింది కంపెనీ, రెండింటికీ కాయితం రాసిచ్చింది సర్కారు. ఈ ముగ్గురూ మాకు పడ్డ బాకీ ఇది.

చదువుకుంటున్న తమ్ముండ్లు, చెల్లెండ్లు, సంఘాల్ల పనిచేస్తున్న అన్నలు, అక్కలు వరద వచ్చినంక పులిహోర పొట్లాలు పట్టుకొని వచ్చుడు మంచిదే. దానికంటె ముందు ఒక పని చేయుండ్రి. మృగశిర కార్తెకు ముందే నోటుబుక్కు పట్టుకొని వాడలకు పోండ్రి. ఏ ఇంట్ల ఎవలున్నరు, ఎవలు కిరాయి, ఎన్ని బర్లు, ఎన్ని మేకలు, ఎవలు బాలింత, ఎవలు ముసలోళ్లు, ఏ బాయి నీళ్లు తాగుతున్నరు – అన్నీ రాసి, వాడ మొత్తం సంతకాలు పెట్టించి, తహశీల్దారుకు ఇచ్చి రశీదు తీసుకోండ్రి. కిందనే 61వ సెక్షన్ పెద్దక్షరాలతోని రాయుండ్రి. వాన మనల్ని అడిగి రాదు. లిస్టు మాత్రం మనల్ని అడిగే రాయాలె.