వరిలో ‘శ్రీ’ పద్ధతి: రెండో పంటకాలమే అసలు పరీక్ష

బోథ్ (ఆదిలాబాద్ జిల్లా): సన్న, చిన్నకారు వరి రైతులలో నూతన వంగడం వ్యాపించినంత వేగంగా నూతన సాగు పద్ధతి వ్యాపించదన్నది విస్తరణ రంగంలోని అనుభవం. జగిత్యాల పరిశోధనా కేంద్రం రూపొందించిన ‘జగిత్యాల సన్నాలు’ వంటి విత్తనాన్ని రైతు పొరుగువారి నుంచి తెచ్చుకొని, తనకు అలవాటైన రీతిలోనే సాగు చేయగలడు. పద్ధతి మారాలంటే కూలీలు, పనిముట్లు, నీటి యాజమాన్యం కూడా మారవలసి ఉంటుంది.

‘శ్రీ’ పద్ధతి ఇందుకు తగిన ఉదాహరణ. 1980వ దశకంలో మడగాస్కర్‌లో రూపుదిద్దుకున్న ఈ విధానాన్ని, ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయ విస్తరణ సంచాలకులుగా ఉన్న డాక్టర్ ఆలపాటి సత్యనారాయణ చొరవతో 2003 ఖరీఫ్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 22 జిల్లాలలో రైతుల పొలాలలోనే ప్రదర్శించారు. 8 నుంచి 12 రోజుల నారును 25 సెం.మీ. దూరంలో ఒక్కొక్క మొక్కగా నాటడం, ఆరుతడులు ఇవ్వడం, కోనో వీడర్‌తో కలుపును మట్టిలో కలపడం ఇందులోని ముఖ్యాంశాలు. ఎకరాకు 2 కిలోల విత్తనం సరిపోతుంది.

అయినప్పటికీ, ప్రదర్శనలు ముగిసిన పిమ్మట పలువురు రైతులు పాత పద్ధతికి మరలారు. ఇందుకు రైతుల అనాసక్తియే కారణమని భావించడం సమంజసం కాదు. గుత్తకు నాట్లు వేసే కూలీలకు ఒక్కొక్క లేత మొక్కను గుర్తుల వెంట నాటడం సమయం తీసుకునే పని. నీరు నిలవని మడిలో కలుపు అధికంగా వస్తుంది. వీడర్ సకాలంలో అందకపోతే ఖర్చు పెరుగుతుంది. చెరువు తూము కింద మడి నుంచి మడికి నీరు పారే చోట, ఒక్క రైతు తన మడిని మాత్రమే ఆరగట్టుకోవడం సాధ్యపడదు.

పత్తి, సోయాచిక్కుడు ప్రధాన పంటలైన బోథ్ ప్రాంతంలో ఈ అంశాలకు మరింత ప్రాధాన్యం ఉంది. వానాకాలంలో పత్తి కలుపుతీత, వరి నాట్లు ఒకే సమయంలో రావడంతో కూలీల అవసరం రెట్టింపవుతుంది. నాటు పది రోజులు జాప్యమైతే నారు ముదిరి, పద్ధతి ఉద్దేశమే దెబ్బతింటుంది.

కావున ఒకే తూము కింది రైతులను సమూహంగా ఎంపిక చేయడం, వీడర్లను గ్రామంలోనే అందుబాటులో ఉంచడం, నాట్లు వేసే మహిళా కూలీలకు ముందుగా శిక్షణ ఇవ్వడం అవసరం. క్లస్టర్ల వారీగా నిర్మించిన రైతు వేదికలు ఇందుకు ఉపకరిస్తాయి. ప్రదర్శనల సంఖ్య కన్నా, సహాయం నిలిచిన తదుపరి పంటకాలంలో ఎందరు రైతులు ఆ పద్ధతిని కొనసాగించారన్నదే అధికారులకు, పాత్రికేయులకు సరైన కొలమానం కాగలదు.