40 నానోసెకన్లంటే నమ్మేశారా?

కొత్త లైబ్రరీలోని హ్యాష్ ఫంక్షన్‌ని 100 కోట్ల సార్లు పిలిస్తే మొత్తం 40 నానోసెకన్లు పట్టిందట! ఆ అంకెను స్లయిడ్ మీదికెక్కించి మీటింగ్‌లో చూపించారు. గదిలో ఉన్నదంతా ఇంజినీర్లే. ఒక్కరి నోరూ పెగల్లేదు. 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కి 40 నానోసెకన్లంటే 120 సైకిళ్లు. అందులో 100 కోట్ల పిలుపులా? ఈ లెక్కకి కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదే!

కోడ్ తెరిస్తే విషయం అక్కడే ఉంది. ఫంక్షన్ ఇచ్చిన ఫలితాన్ని ఎక్కడా వాడలేదు. కొత్త లైబ్రరీ మొత్తం హెడర్ ఫైల్‌లోనే ఉంది కాబట్టి కంపైలర్ దాని లోపలికి చూసింది, ఎవరికీ అక్కర్లేని పని అని తేల్చుకుంది, లూప్‌ని తుడిచేసింది. ఆ 40 నానోసెకన్లూ గడియారాన్ని రెండుసార్లు చదవడానికి పట్టినవే. పోటీకి పెట్టిన పాత లైబ్రరీ విడిగా కంపైల్ అయి ఉంది. దాని లోపలికి చూసే వీలు లేక కంపైలర్ దాన్ని ముట్టుకోలేదు. పాపం, అది నిజంగా పని చేసింది. పని చేసినందుకు ఓడిపోయింది!

ఇంతకన్నా ఘోరమూ జరుగుతుంది. గడియారం చదివే రెండు పిలుపుల మధ్య రాసిన లెక్కను కంపైలర్ రెండో పిలుపు కిందికి జరిపేయగలదు. స్టాప్‌వాచ్ ఆపాక పరుగు మొదలైనట్టు. బగ్ అని రిపోర్టు పెడితే, సీ ప్రమాణం ప్రకారం పట్టే సమయం ప్రోగ్రామ్ ప్రవర్తన కిందికి రాదు, జవాబు సరిగా ఉంటే చాలు అంటారు. సరే, కంపైలర్‌కి ఆ హక్కుంది. కొలిచేవాళ్లకి బాధ్యత లేదా?

ఇది నిన్న మొన్న తెలిసిన సంగతి కాదు. వేగం కొలవడానికి 1984లో వచ్చిన డ్రైస్టోన్ పరీక్షను 1988లో సవరించాల్సి వచ్చిందంటే, కంపైలర్లు అందులోని కోడ్‌ని అనవసరమని ఎగరగొట్టడమే ఒక కారణం. ఫలితాన్ని వాడినట్టు కంపైలర్‌ని నమ్మించడానికి జావాకి జేఎంహెచ్‌లో బ్లాక్‌హోల్ ఉంది. సీ ప్లస్ ప్లస్‌కి గూగుల్ బెంచ్‌మార్క్‌లో డునాట్‌ఆప్టిమైజ్ ఉంది. ఒక్క లైను రాస్తే సరిపోయేది. ఆ ఒక్క లైనుకీ బద్ధకమే!

అన్నిటికన్నా నన్ను మండించింది తర్వాత వచ్చిన జవాబు. తప్పు ఎక్కడుందో అసెంబ్లీతో సహా చూపిస్తే, "అన్ని టీములూ కొత్త లైబ్రరీకి మారిపోయాయి కదా, ఇప్పుడెందుకు, వదిలేయండి" అన్నారు. ఇక ఆ లైబ్రరీ నడిచే సర్వర్లు నెమ్మదిస్తే అర్ధరాత్రి లేచి కూర్చునేది స్లయిడ్ వేసినవాళ్లు కాదు, డ్యూటీలో ఉన్న పిల్లలు.

రేపు ఎవరైనా ఇలాంటి అంకె చూపిస్తే చప్పట్లు కొట్టకండి. లూప్ పదింతలు చేస్తే సమయం ఎంత పెరిగిందో అక్కడికక్కడే అడగండి. చెప్పలేకపోతే ఆ స్లయిడ్ తీయించేయండి.