యాప్‌కు డబ్బు కట్టే ముందు సూరత్ మగ్గం లెక్క

సూరత్‌లోని లింబాయత్‌లో తెలుగు మాట కోసం వెతకనక్కర్లేదు. తెలంగాణ నుంచి పవర్‌లూమ్ పనికి వచ్చిన పద్మశాలీ కుటుంబాలు తరాలుగా ఉంటున్న చోటది. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ బడులూ నడుపుతోంది. నేసిన మీటర్లను బట్టి కూలి వచ్చే ఇంట్లో నెలకు రెండు వందలు తెలియకుండా పోయినా లెక్క తప్పుతుంది.

పోయేది ఎక్కువగా ‘ఉచిత ట్రయల్’ దారిలోనే. యాప్‌ను ఫోన్‌లోంచి తీసేస్తే చందా ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆగదు. ప్లే స్టోర్‌లోనో, యూపీఐ ఆటోపేలోనో విడిగా రద్దు చేయాలి. 2021 అక్టోబరు నుంచి అమలైన రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం కోతకు 24 గంటల ముందే కబురు రావాలి. అయితే, ఒకసారి అనుమతిచ్చాక 15,000 రూపాయల లోపు కోతలకు మళ్లీ ఓటీపీ అడగరు. ప్రకటనల గుంపులో ఆ ఇంగ్లిష్ మెసేజ్ ఎవరి కంట పడుతుంది? చందా ఉచ్చును కేంద్రం 2023 నవంబరులో డార్క్ ప్యాటర్న్‌ల జాబితాలో చేర్చింది. ఉచ్చులు మాత్రం మిగిలే ఉన్నాయి.

మరి దేనికి చెల్లించాలి? నాలుగు మగ్గాలున్న చిన్న యజమానికి జీఎస్టీ బిల్లులు రాసిపెట్టే యాప్ ఫీజు దండగ కాదు. కానీ తన ఖాతాలన్నీ ఎక్సెల్‌లోకి దించుకునే వీలుందో లేదో ముందే చూసుకోవాలి. లేదంటే ఫీజు ఎంత పెంచినా వదల్లేడు. పిల్లల చదువుకైతే నేను ముందు ‘దీక్ష’ తెరుస్తాను. ప్రభుత్వానిది, ఉచితం, తెలుగు పాఠాలూ ఉన్నాయి. ఏడాది ప్లాన్ చవకే. అయినా నెలవారీదే నయం: దీపావళికి మగ్గాలు ఆగి ఊరెళ్లినప్పుడు దాన్నీ ఆపేయొచ్చు.