పాలేరును పెట్టుకున్న రైతూ యజమానే: కొత్త కార్మిక చట్టాల్లో మీరు చూసుకోవాల్సినవి

కేంద్ర ప్రభుత్వం 2025 నవంబర్ 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. పాత కార్మిక చట్టాలు 29 వీటిలో కలిసిపోయాయి. టీవీల్లో, పేపర్లలో చర్చంతా ఫ్యాక్టరీలు, ఐటీ కంపెనీలు, డెలివరీ కుర్రాళ్ల చుట్టూనే తిరిగింది. మూడెకరాల మిర్చి, రెండు గేదెలు, ఒక ట్రాక్టర్ ఉన్న రైతుకు ఇందులో ఏముందని ఎవరూ పెద్దగా చెప్పలేదు. "మనకెందుకులే ఇవన్నీ, మనమేమన్నా కంపెనీ నడుపుతున్నామా" అనుకునే రైతులే ఎక్కువ. ఆ మాట సగం నిజం. మిగతా సగం తెలియకపోతే ఒక్క ప్రమాదంతో ఎకరం భూమి అమ్ముకోవాల్సి రావచ్చు.

ముందు మీకు వర్తించనివి చెప్పుకుందాం. పీఎఫ్‌కు 20 మంది, ఈఎస్ఐకి, గ్రాట్యుటీకి 10 మంది పనివాళ్లు ఉండాలి. పని ప్రదేశంలో భద్రత, ఆరోగ్యానికి సంబంధించిన కోడ్ కూడా సాధారణంగా 10 మంది, అంతకు మించి పనిచేసే చోట్లకే. "ప్రతి కార్మికుడికీ నియామక పత్రం తప్పనిసరి" అని వాట్సాప్‌లో తిరుగుతున్న మాట ఈ కోడ్‌లోదే. కాబట్టి ఒక పాలేరు, ఒక డ్రైవర్ ఉన్న రైతు అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వలేదని కంగారు పడక్కర్లేదు. అయినా ఒక కాగితం రాసుకోవడం మీకే మేలు. ఎందుకో కింద చెబుతాం.

మీకు వర్తించేవి మూడున్నాయి. వేతనాల కోడ్, ప్రమాద పరిహారం, వెట్టిచాకిరి నిర్మూలన చట్టం. మొదటి రెండూ కొత్త కోడ్‌లలో ఉన్నాయి. మూడోది 1976 నాటి చట్టం, కోడ్‌లలో కలవకుండా విడిగా అలాగే ఉంది.

కూలి లెక్కలు

వేతనాల కోడ్‌కు పనివాళ్ల సంఖ్యతో సంబంధం లేదు. ఒక్కరిని పెట్టుకున్నా వర్తిస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం వ్యవసాయ పనులకు ప్రకటించిన కనీస వేతనం కంటే తక్కువ ఇవ్వకూడదు. నాట్లు, కలుపు, మిర్చి ఏరివేత సీజన్‌లో ఊళ్లో నడిచే కూలి ఎలాగూ దానికి అటూ ఇటూగా ఉంటుంది, కూలీలు దొరకడమే కష్టం కాబట్టి పెద్ద చిక్కు రాదు. చిక్కు ఏడాది జీతగాళ్ల దగ్గర వస్తుంది. ఉగాదికి మాట్లాడుకున్న మొత్తాన్ని 12తో భాగించి, నెలకు ఎన్ని రోజులు పనిచేస్తున్నాడో లెక్క వేసి చూడండి. రోజు కూలీ కంటే చాలా తక్కువ పడుతుంది. మీ మండలానికి ప్రస్తుత రేటు ఎంతో సహాయ కార్మిక అధికారి కార్యాలయంలో అడిగితే చెబుతారు.

ఇంకో మాట. వేతన కాలం నెలకు మించకూడదని కోడ్ చెబుతోంది. రోజు కూలీకి ఆ రోజు పని ముగియగానే, వారం కూలీకి వారం చివరి పని రోజున, నెల జీతగాడికి తర్వాతి నెల 7వ తేదీ లోపు ఇవ్వాలి. అంటే ఉగాది నుంచి ఉగాదికి లెక్క చూసుకునే మన పాత పద్ధతి చట్టం ముందు నిలబడదు. పని మానేసిన వాడికి, మాన్పించిన వాడికి రావాల్సింది రెండు పని దినాల్లో చెల్లించాలి. "మధ్యలో పోయాడు కాబట్టి ఆర్నెల్ల జీతం పోయినట్టే" అన్న ఊరి కట్టుబాటుకు కూడా చట్టంలో చోటు లేదు.

ఒకే రకం పనికి ఆడవాళ్లకు ఒక కూలి, మగవాళ్లకు ఒక కూలి ఇవ్వడం కూడా నిషేధం. మందు బస్తాలు మోసే పనికి, కలుపు పనికి రేటు వేరుగా ఉండవచ్చు, కానీ ఇద్దరూ పక్కపక్క సాళ్లలో అదే పత్తి తీస్తుంటే రెండు రేట్లు కుదరవు.

చిన్న రైతుకు ఊరట కలిగించే నిబంధన ఒకటి ఇదే కోడ్‌లో ఉంది. వ్యవసాయ పనికి ఐదుగురికి మించకుండా పెట్టుకున్న యజమాని రిజిస్టర్లు రాయక్కర్లేదు, వేతన చీటీలు ఇవ్వక్కర్లేదు. అయితే అధికారి అడిగితే కూలి చెల్లించినట్టు తగిన ఆధారం చూపాలి. ఈ రెండో వాక్యమే చాలామంది వదిలేస్తారు. కూలి ఇవ్వలేదని ఎవరైనా ఫిర్యాదు చేస్తే, ఇచ్చానని రుజువు చేసుకోవాల్సిన భారం యజమానిదే. ఫిర్యాదుకు మూడేళ్ల గడువు ఉంది. మూడేళ్ల కిందటి కలుపు కూలీ మీకు గుర్తుంటుందా?

అందుకే ఒక నోటు పుస్తకం పెట్టండి. తేదీ, పేరు, పని, ఇచ్చిన డబ్బు, సంతకం లేదా వేలిముద్ర ఉంటే చాలు. ఫోన్‌పేలోనో, బ్యాంకు ఖాతాకో పంపితే అదే ఆధారం. ముఠాను గుత్తకు మాట్లాడుకుని డబ్బంతా మేస్త్రి చేతిలో పోస్తే, అతను కూలీలకు ఇవ్వకపోయినా బాధ్యత మీ వరకూ వస్తుంది. కనీసం ఎంతమంది వచ్చారో, ఎవరెవరో రాసుకోండి. వడ్లు కొలిచి ఇచ్చే చోట దాని విలువ డబ్బులో ఎంతో కూడా పక్కన రాయండి, ఎందుకంటే కోడ్ ప్రకారం వేతనం నగదుగా గానీ, చెక్కు, బ్యాంకు ద్వారా గానీ ఇవ్వాలి.

తక్కువ ఇచ్చినట్టు తేలితే మొదటిసారి రూ. 50,000 వరకు జరిమానా. ఐదేళ్లలోపు మళ్లీ జరిగితే మూడు నెలల వరకు జైలు, లేదా రూ. లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. తక్కువ కూలి ఇవ్వడం కాకుండా కోడ్‌లోని ఇతర నిబంధనలు తప్పినప్పుడు, కేసు పెట్టే ముందు సరిదిద్దుకోవడానికి అధికారి రాతపూర్వకంగా అవకాశం ఇవ్వాలన్నది మీకు ఉపయోగపడే అంశం. నోటీసు వస్తే పక్కన పడేయకండి.

ప్రమాదం జరిగితే

అసలు భయపడాల్సింది ఇక్కడ. పనిలో గాయపడినా, చనిపోయినా యజమాని పరిహారం ఇవ్వాలన్న చట్టం 1923 నుంచీ ఉంది. ఇప్పుడది సామాజిక భద్రత కోడ్‌లో చేరింది. ట్రాక్టర్‌తో సేద్యం, కోత మిషన్, నూర్పిడి పనులు, బావి, బోరు మోటార్ల మరమ్మతు, పురుగుమందు పిచికారీ అన్నీ ఈ జాబితాలో ఉన్నాయి. రోజు కూలీకి వచ్చినవాడైనా సరే వర్తిస్తుంది. తప్పు మీది కాకపోయినా ఇవ్వాల్సిందే. తాగి ఉన్నాడన్న వాదన చిన్న గాయాల్లో పనిచేయవచ్చు గానీ, చావుకు, పూర్తి శాశ్వత వైకల్యానికి పనిచేయదు.

లెక్క ఇలా ఉంటుంది. చనిపోతే నెల జీతంలో సగాన్ని, వయసును బట్టి నిర్ణయించిన ఒక అంకెతో గుణిస్తారు. 40 ఏళ్ల వయసుకు ఆ అంకె 184.17. నెలకు రూ. 12,000 జీతం ఉన్న 40 ఏళ్ల డ్రైవర్ రోటవేటర్‌లో పడి చనిపోతే రూ. 6,000 ఇంటూ 184.17, అంటే రూ. 11,05,020. వయసు తక్కువైతే ఈ మొత్తం పెరుగుతుంది. పూర్తి శాశ్వత వైకల్యమైతే సగానికి బదులు 60 శాతం లెక్కిస్తారు. చికిత్స ఖర్చు వేరు. నెలలోపు చెల్లించకపోతే 12 శాతం వడ్డీ పడుతుంది, సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే 50 శాతం వరకు అదనంగా వేయవచ్చు.

ఊళ్లలో ఏం జరుగుతుందో మీకు తెలుసు. పెద్దమనుషులు కూర్చుంటారు, రెండు మూడు లక్షలకు రాజీ చేస్తారు, తెల్లకాగితం మీద సంతకాలు అవుతాయి. చావు కేసులో పరిహారాన్ని కార్మిక శాఖలోని పరిహార కమిషనర్ దగ్గరే జమ చేయాలి. కుటుంబానికి నేరుగా ఇచ్చింది పరిహారం కింద లెక్కకు రాదు, మూడు నెలల జీతానికి సమానమైన అడ్వాన్సు తప్ప. రెండేళ్లలోపు ఆ కుటుంబం దావా వేస్తే మీరు మళ్లీ మొదటి నుంచి కట్టాలి. రాజీ చేసిన పెద్దమనుషులు ఆ రోజు మీ పక్కన నిలబడరు.

కూలీలను ట్రాక్టర్ ట్రక్కులో తీసుకెళ్లడం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీలతో వెళ్తున్న ట్రాక్టర్ మూసీ కాల్వలో పడి పది మందికి పైగా చనిపోయారు, ఎక్కువ మంది ఆడవాళ్లే. ట్రాక్టర్ బీమా ఉంది కదా అనుకోవద్దు. వ్యవసాయ ట్రాక్టర్ పాలసీ మనుషుల రవాణాకు కాదని కంపెనీ మొదట వాదించేది ఇదే. పైగా ఇంటి నుంచి పనికి వచ్చిపోయే దారిలో జరిగిన ప్రమాదానికి కూడా, పనితో సంబంధం ఉందని తేలితే, కొత్త కోడ్ పరిహారం ఇస్తోంది.

అయితే ఏం చేయాలి? సాధారణ బీమా కంపెనీల దగ్గర ఉద్యోగి పరిహార పాలసీ దొరుకుతుంది. యునైటెడ్ ఇండియా, న్యూ ఇండియా వంటి ప్రభుత్వ రంగ కంపెనీల కార్యాలయంలో అడగండి. పాలేరు పేరు, పని, నెల జీతం చెబితే ప్రీమియం లెక్కకట్టి చెబుతారు. ట్రాక్టర్ పాలసీలో డ్రైవర్‌కు బాధ్యత కవరైందా అని కూడా చూసుకోండి. ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి రూ. 20తో రూ. 2 లక్షలు ఇస్తుంది. మీ పనివాడి బ్యాంకు ఖాతాకు అది ఉందో లేదో కనుక్కుని, లేకపోతే చేయించండి. అది ఆ కుటుంబానికి ఆసరాయే తప్ప మీ బాధ్యతను తగ్గించదు. తెలంగాణలో రైతు బీమా మీకు, పట్టా ఉన్న రైతుకు. మీ జీతగాడికి రాదు.

అడ్వాన్సు ఇచ్చినప్పుడు

ఆడపిల్ల పెళ్లికో, ఆస్పత్రికో పాలేరు అడుగుతాడు, మీరు లక్ష ఇస్తారు. తప్పేమీ లేదు. "బాకీ తీరేదాకా ఇంకెక్కడికీ పోవద్దు" అన్న క్షణంలో తప్పు మొదలవుతుంది. అప్పు కారణంగా వేరే పనికి వెళ్లే స్వేచ్ఛ లేకుండా చేయడం, కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం వెట్టిచాకిరి కిందకు వస్తుంది. మూడేళ్ల వరకు జైలు ఉంది, ఆ అప్పు కూడా రద్దవుతుంది. కనీస వేతనం కంటే తక్కువకు చేయించుకునే పని బలవంతపు చాకిరీయేనని 1982లో సుప్రీంకోర్టు ఏషియాడ్ కార్మికుల కేసులో చెప్పింది. పనివాడు ఎస్సీ, ఎస్టీ అయితే అత్యాచారాల నిరోధక చట్టం కూడా తోడవుతుంది. అతని ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మీ బీరువాలో పెట్టుకోవడం, ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం తీసుకోవడం ఈ కేసుల్లో మీకే ఎదురు సాక్ష్యం అవుతాయి.

అడ్వాన్సును నెల నెలా కొంత పట్టుకోవచ్చు. అన్ని రకాల కోతలూ కలిపి ఆ నెల జీతంలో సగం దాటకూడదు. మధ్యలో వెళ్లిపోతే మిగిలిన దాన్ని మామూలు అప్పులా సివిల్ కోర్టులో అడగాలి తప్ప ఇంటికి మనుషుల్ని పంపకూడదు.

పిల్లల విషయం క్లుప్తంగా. 14 ఏళ్లు నిండని వారిని కూలికి పెట్టుకోకూడదు. మీ సొంత పిల్లలు బడి వేళల తర్వాత పొలంలో సాయం చేస్తే తప్పు లేదు. పాలేరు కొడుకు గేదెలు కాస్తే మాత్రం అది బాల కార్మికం. ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, లేదా రూ. 20,000 నుంచి రూ. 50,000 వరకు జరిమానా, లేదా రెండూ ఉండవచ్చు.

రాసుకునే కాగితం

ఇందాక చెప్పిన కాగితానికి లాయరు అవసరం లేదు. మామూలు తెలుగులో రెండు ప్రతులు రాసి ఇద్దరూ సంతకం పెట్టి చెరొకటి ఉంచుకోండి. ఎప్పటి నుంచి పని, ఏ పనులు, నెలకు ఎంత, భోజనం, బట్టలు ఇస్తుంటే అవి, వారానికో పక్షానికో సెలవు, అడ్వాన్సు ఎంత, నెలకు ఎంత పట్టుకుంటారు, ఎవరు మానుకోవాలన్నా ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నవి రాయండి. పొలం కౌలుకు ఇచ్చి ఉంటే, పనికి పిలిచి కూలి ఇచ్చే కౌలు రైతే యజమాని అవుతాడు కాబట్టి ఈ కాగితం రాసుకోవాల్సింది అతను. వచ్చే ఉగాదికి కొత్త జీతగాణ్ని మాట్లాడుకునే ముందు, ఇప్పుడున్న వాడి లెక్క నెలవారీగా విడదీసి, అడ్వాన్సులో ఇంకా ఎంత మిగిలిందో అతని ముందే చదివి వినిపించి సంతకం తీసుకోండి.